పాలకు ముందు చెమట

ఆ ఏడు నేను ఏడో నెల కడుపుతో గుడివాడలో డిగ్రీ పిల్లలకు పాలు ఎలా పుట్టాయో పాఠం చెప్పాను.

సిలబస్‌లో దానికి ఉన్నది రెండు మూడు వాక్యాలే. "సరీసృపాలను పోలిన పూర్వీకుల నుంచి క్షీరదాలు ఆవిర్భవించాయి" అని చదివించి, పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న అని చెప్పేస్తే సరిపోయేది. కానీ అప్పుడు నా కడుపులో బిడ్డ కాళ్ళతో తంతోంది. నాకు ఆ పాఠం మీద లేని ప్రేమ పుట్టుకొచ్చింది. రెండో అంతస్తుకు మెట్లెక్కి, ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చుని, తర్వాత లేచి బోర్డు మీద కృష్ణానది గీశాను.

"పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలవుతుంది కదా. పై నుంచి వచ్చిన నీళ్ళు అవే. కానీ ఈ పాయ నీళ్ళు ఆ పాయకు బిడ్డలు కావు. ముప్పై కోట్ల ఏళ్ళ కిందట ఒక వంశం అలాగే చీలింది. ఒక పాయలో బల్లులు, పాములు, మొసళ్ళు, పక్షులు. రెండో పాయలో మనం."

"అంటే మనం బల్లులకి పుట్టామా మేడమ్?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు.

"బల్లికి పుట్టలేదు. కానీ మన పాయలో మొదటివాళ్ళని నువ్వు చూస్తే బల్లే అనుకుంటావు. కాళ్ళు పక్కలకు చాపుకుని, పొట్ట నేలకి రాసుకుంటూ పాకేవి. కంటి వెనక పుర్రెలో ఒకే ఒక రంధ్రం ఉండేది. అదే మన వంశం గుర్తు."

తర్వాతవన్నీ చెప్పాను. పళ్ళు కోసేవి, చీల్చేవి, నమిలేవిగా వేరుపడడం. కాళ్ళు ఒంటి కిందికి రావడం. దవడలోని చిన్న ఎముకలు సన్నబడి సన్నబడి చెవిలోకి జారి, నమిలే పని మాని వినే పనికి కుదురుకోవడం. భూమ్మీద దాదాపు అన్నీ చచ్చిపోయిన మహా విలయంలో మనవాళ్ళు కొందరే మిగలడం, ఆ తర్వాత పెద్ద జంతువుల భయానికి చిన్నవై, బొరియల్లో దాక్కుని, చీకటి పడ్డాకే బయటికి రావడం.

"అవి గుడ్లు పెట్టేవి. పెంకు కోడిగుడ్డులా గట్టిది కాదు, తోలులాగా ఉండేది. ఎండిపోయేది. తల్లి ఒంటి మీద చెమటలాంటిది ఊరి ఆ గుడ్లను తడిపేదట. ఎక్కువ తడిపిన తల్లి గుడ్లు ఎక్కువ బతికాయి. పొదిగాక పిల్లలు ఆ తడినే నాకాయి. నాకినవి బలిశాయి. ఆ తడే చిక్కబడి, తీపెక్కి పాలయిందని శాస్త్రజ్ఞుల ఊహ. ప్లాటిపస్‌కి ఈనాటికీ చనుమొనలు లేవు. చర్మం మీద పాలు చెమటలా ఊరుతుంటే పిల్లలు నాకుతాయి."

ముదినేపల్లి నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి ఉండేది. ఎప్పుడూ నోరెత్తేది కాదు. ఆ రోజు లేచి, "అయితే ప్రేమ కంటే ముందే పాలొచ్చాయా మేడమ్?" అని అడిగింది.

"ముందు తడి. తర్వాత పాలు. ప్రేమ మన సిలబస్‌లో లేదమ్మా" అన్నాను. మళ్ళీ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మా ఆయన రొయ్యల మేత కంపెనీలో పని చేసేవారు. చెరువుల వెంట తిరిగే ఉద్యోగం. వారమంతా గుడివాడలో అద్దె ఇంట్లో ఉండి, ఆదివారానికి దివిసీమలో వాళ్ళ ఊరికి వెళ్ళేవాళ్ళం. అవనిగడ్డ దాటి కోడూరు వెళ్ళే దారిలో లోపలికి ఉంటుంది ఆ ఊరు. అక్కడ మా అత్తయ్య, మరిది, తోడికోడలు ఉండేవారు. మావయ్య నా పెళ్ళికి ముందే పోయారు. అత్తయ్యకు గేదెలు ఉండేవి. తెల్లవారకుండా లేచి పాలు పిండి కేంద్రానికి పోసి, స్నానం చేసి, ఆదివారమైతే తెల్లచీర కట్టుకుని అందరికంటే ముందు చర్చిలో కూర్చునేది. తోడికోడలు కూడా అప్పుడు కడుపుతోనే ఉంది. మా ఇద్దరికీ నెలల్లో పెద్ద తేడా లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నాల దగ్గర మా ఆయన సరదాకి అన్నారు. "అమ్మా, మీ కోడలు కాలేజీలో మనందరం బల్లులకి పుట్టామని చెప్తోంది."

అత్తయ్య పులుసు గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏంటీ?"

"బల్లులకి కాదత్తయ్యా. చాలా కాలం కిందట..."

"దేవుడు మట్టితో చేశాడని నా పుస్తకంలో ఉంది. నీ పుస్తకంలో బల్లితో చేశాడని ఉందా?"

"అది పాఠమత్తయ్యా. పిల్లలకి పరీక్షలో వస్తుంది."

"కడుపులో బిడ్డని పెట్టుకుని అట్టాంటి మాటలు నోట్లోంచి ఎట్టా వచ్చినయ్యే నీకు?"

తోడికోడలు తన పొట్ట మీద చెయ్యి వేసుకుని నా పక్కనుంచి కొంచెం జరిగింది. నేను చూశాను. మరిది నవ్వి, "వదినా, ముందు చేప ముక్క తినండి, అది కూడా మన చుట్టమేగా" అన్నాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు.

మా అమ్మ నేను డిగ్రీలో ఉండగానే చనిపోయింది. నాన్న బందరులో అన్నయ్య దగ్గర ఉండేవారు. పుట్టింట్లో పురుడు పోసేవాళ్ళు లేరు కాబట్టి అత్తయ్యే, "మేం చూసుకుంటాం" అంది. ఆ మాట దయగానే అంది. అది కూడా చెప్పాలి.

బందరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. పుట్టినప్పుడు ఏడిచింది. మర్నాడు సాయంత్రానికి ఊపిరి అందక పోయింది. ఊపిరితిత్తులు సరిగా ఎదగలేదని డాక్టరమ్మ చెప్పింది. నేను దాన్ని ఎత్తుకున్నది ఒక్కసారే. నా రొమ్ము మీద పెడితే నోరు తెరిచింది, పట్టుకోలేకపోయింది. మా ఆయన, మరిది పెట్టెను వ్యానులో తీసుకెళ్ళి ఊరి సమాధుల తోటలో పెట్టి వచ్చారు. నన్ను తీసుకెళ్ళలేదు. "పచ్చి బాలింతరాలు అక్కడికి రాకూడదు" అన్నారు. బాలింతరాలు అన్న మాట నాకు అప్పుడు వింతగా వినిపించింది.

నన్ను ఊరికి తీసుకొచ్చాక చర్చి ఆడవాళ్ళు పలకరింపుకు వచ్చారు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ప్రార్థన అయ్యాక కుర్చీలో కూర్చుని మెల్లగా, "అమ్మా, కాలేజీలో ఏం చెప్తుంటావ్?" అని అడిగారు. ఆయనకు ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు.

"జువాలజీ అండీ."

"మంచిదే. జీతం కోసం చెప్పుకో. హృదయంలో మాత్రం పెట్టుకోకు."

అప్పుడు అత్తయ్య, నట్టింట్లో అంతమంది ముందు, గోడకు ఆనుకుని కూర్చున్న నన్ను చూస్తూ అంది. "మనం బల్లి వంశమని చెప్పిన నోరండీ అది. కడుపులో బిడ్డ వినలేదా? దేవుడు వినలేదా?"

ఒక ముసలావిడ "అయ్యో, ఊరుకో" అంది. మిగతావాళ్ళు అది కూడా అనలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటున్నారు. తల ఎత్తలేదు.

ఆ మర్నాడే పాలు పడ్డాయి. ఎవరూ నాకు చెప్పలేదు, అలా జరుగుతుందని. పుస్తకాల్లో చదివినదాన్ని, పాఠం చెప్పినదాన్ని. అయినా బిడ్డ లేదు కాబట్టి ఒంటికి ఆ సంగతి తెలుస్తుందనుకున్నాను. ఒంటికి తెలియలేదు. రొమ్ములు రాళ్ళయ్యాయి. జాకెట్టు తడిసి చీర తడిసి పక్క తడిసింది. వీధిలో ఎవరి బిడ్డ ఏడ్చినా కారేవి. అత్తయ్య చూసి వెళ్ళి మల్లెపూలు తెప్పించింది. పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు కడతారు. రొమ్ముల మీద పూలు పరిచి, పాత పంచె చింపి, మోకాలు నా వీపుకు ఆనించి బిగించి కట్టింది. "ఓర్చుకో. రెండు మూడు రోజులు" అంది. ఆ చేతులు గేదెల దగ్గర పని చేసే చేతులు. కట్టు జారదు. ఆ మంచం మీద మల్లెల వాసనలో పడుకుని, నాకు మళ్ళీ ఎప్పుడూ మల్లెలు పెట్టుకోవాలనిపించకూడదని కోరుకున్నాను.

మూడు రోజులైనా పాలు ఇంకలేదు, అత్తయ్య పూలు మార్చి మళ్ళీ మళ్ళీ కట్టింది. ఆ కట్టు ఉండగానే తోడికోడలికి నొప్పులొచ్చాయి. ఆపరేషన్ చేసి మగపిల్లాణ్ణి తీశారు. కుట్లు చీము పట్టాయి, జ్వరం దిగలేదు, ఏవో గట్టి మందులు వాడారు. ఆ మందులున్నన్నాళ్ళు పాలివ్వవద్దన్నారు. తర్వాత అసలు పాలే రాలేదు. పిల్లాడు డబ్బా పాలు తాగడం, కక్కడం, విరేచనాలు. ఇంటికి తెచ్చేసరికి ముడతలు పడిన ముసలివాడిలా ఉన్నాడు.

అత్తయ్య నా గదిలోకి వచ్చి తలుపు వేసింది.

"ఆ పూలు తీసెయ్యి."

"ఎందుకత్తయ్యా?"

"పిల్లోడికి ఏదీ ఇమడట్లేదు. నీకు ఊరికే పోతున్నయ్‌గా."

నేను మా ఆయన కోసం చూశాను. ఆయన తలుపు అవతలే ఉన్నారు. "పసివాడు కదా" అన్నారు అక్కడి నుంచే.

నాకు అప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ మాట. "నావి బల్లి పాలు కదా అత్తయ్యా. మీ మనవడికి పడతాయా?"

ఆమె కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. మంచం పట్టె మీద కూర్చుని నా వీపు వెనక ముడి విప్పడం మొదలుపెట్టింది. "నోరు వేరు, రొమ్ము వేరు. నోరు చేసిన పాపం రొమ్ముకేం తెలుసు" అంది. పూలు పసుపుపచ్చగా కమిలి ఒంటికి అంటుకుపోయాయి. ఒక్కొక్కటే గోటితో తీసింది. తీస్తూ చెప్పింది, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "నాకు ముగ్గురు పోయారు. మీ ఆయనకి ముందు ఒకడు, చిన్నోడికి ముందు ఇద్దరు. నాకెవరూ పూలు కట్టలా. చేలో నాట్లేస్తా, గట్టు మీదకొచ్చి మట్టిలోకి పిండుకుని మళ్ళా దిగేదాన్ని. నీకు కనీసం తాగేవాడున్నాడు."

ఆ మాటలో ఆమె బాధ ఉంది. అది నాకు తెలిసింది. దానివల్ల నాకేమీ తేలిక కాలేదు.

పిల్లాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టారు. వాణ్ణి చూడకూడదని గోడ వైపు తల తిప్పుకున్నాను. వాడు వెతుక్కుని పట్టుకున్నాడు. నా బిడ్డ చేయలేనిది వాడు ఒక్క క్షణంలో చేశాడు. చేపు వచ్చింది. రెండో వైపు నుంచి కూడా కారింది. నొప్పి దిగిపోతుంటే ఒళ్ళంతా హాయిగా అయింది. ఆ హాయిని నేను అసహ్యించుకున్నాను. నా బిడ్డ మట్టిలో ఉంది, నా ఒళ్ళు హాయిగా ఉంది.

అత్తయ్య పద్ధతులు పెట్టింది. పిల్లాణ్ణి వాళ్ళ అమ్మ గదిలోంచి తీసుకొచ్చేది, తాగాక తీసుకెళ్ళేది. నేను ముద్దు పెట్టుకోకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. తాగేటప్పుడు వాడి మొహం మీద పలచటి గుడ్డ కప్పేది. "బిడ్డ పోయిన చూపు. నీ తప్పని కాదు. చూపు చూపే" అనేది. దిష్టి, శకునం ఇవన్నీ క్రైస్తవులు నమ్మకూడదని చర్చిలో చెప్పేది కూడా ఆమే.

నేను సెలవు పొడిగించుకున్నాను. కాలేజీవాళ్ళు నా పాఠాలు ఇంకొకరికి ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక గేదె ఈనింది. దున్నదూడ. దున్నదూడ వల్ల ఆ ఇంట్లో లాభం లేదు. చేపు రావడానికి దూడను తల్లి దగ్గర వదిలి, రెండు గుక్కలు తాగగానే లాగి కట్టేసేవారు. మిగతాదంతా తపేలాలోకి. దూడ ఎముకలు తేలి, కాళ్ళు పక్కలకు చాపుకుని, పొట్ట నేలకు ఆనించి పాకడానికి చూసేది. ఒక పొద్దున లేవలేదు. గేదె అరుస్తూ పాలు ఎగబట్టింది. అత్తయ్య ఒకతన్ని పిలిపించి తోలు తీయించి, ఉప్పు రాసి ఎండబెట్టించి, గడ్డి కూరించింది. నాలుగు కర్రలు కాళ్ళుగా పెట్టి గేదె ముందు నిలబెట్టారు. గేదె వాసన చూసింది. నాకడం మొదలుపెట్టింది. నాకుతూ నాకుతూ చేపింది. అత్తయ్య తపేలాలో ధార చప్పుడు మొదలైంది.

నేను వరండాలో కూర్చుని పిల్లాడికి పాలిస్తూ చూస్తున్నాను. తోడికోడలు అప్పటికి లేచి తిరుగుతోంది. గుమ్మంలో నిలబడి అంది, నవ్వుతూనే. "నువ్వు నయం అక్కా. నీకు గడ్డిబొమ్మ కూడా అక్కర్లేకుండానే చేపుకొస్తన్నయ్."

నేను పిల్లాణ్ణి రెండో వైపుకు మార్చుకున్నాను. ఆమె కూడా బతికి బయటపడి, సొంత బిడ్డ నోటికి పాలు అందించలేక, ఇంకొకరి ఒళ్ళో చూస్తూ నిలబడాల్సి వచ్చిన మనిషి. ఆ మాట ఆ మంటలోంచి వచ్చిందని ఇప్పుడు అనగలను. అప్పుడు మాత్రం ఆమె కుట్లు మళ్ళీ విచ్చుకోవాలని కోరుకున్నాను.

నెలలు గడిచాయి. వాడు బొద్దుగా తయారయ్యాడు. గుడ్డ కప్పితే చేత్తో లాగేసేవాడు. నా మొహం చూసి తాగడం ఆపి నవ్వేవాడు, పాలు పెదాల చివర నుంచి కారేవి. అత్తయ్య మళ్ళీ కప్పేది, వాడు మళ్ళీ లాగేవాడు. చివరికి ఆమే మానుకుంది. నేను కూడా ఒకటి మానుకున్నాను, గోడ వైపు చూడడం. నా బిడ్డకు అనుకున్న పేరుతో వాణ్ణి పిలిచాను, పెదాలతోనే, పైకి వినపడకుండా.

తోడికోడలు ఎత్తుకుంటే వాడు ఏడ్చి నా వైపు చేతులు చాపేవాడు. ఒకరోజు నలుగురు ఇరుగుపొరుగువాళ్ళ ముందు అలా చేశాడు. వాళ్ళలో ఒకావిడ, "పెంచిన గుణం ఎక్కడికి పోద్ది" అంది. తోడికోడలు పిల్లాణ్ణి చంకలో ఇరికించుకుని లోపలికి వెళ్ళింది. లోపల దెబ్బ వినపడింది. ఆ వెంటనే ఏడుపు. దెబ్బ చెంప మీద పడిందో నోటి మీద పడిందో నాకు తెలియదు. నా జాకెట్టు తడిసింది.

తర్వాతి రోజు పొద్దున వాడి కోసం కూర్చున్నాను. ఎవరూ తేలేదు. వాళ్ళ గది ఖాళీగా ఉంది.

"ఏరత్తయ్యా?"

"పామర్రు, వాళ్ళ అమ్మగారింటికి."

"ఎప్పుడొస్తారు?"

"ఇప్పుడు డబ్బా పాలు ఇముడుతున్నయ్. డాక్టర్ని అడిగారు." కుడితి తొట్టిలో చెయ్యి పెట్టి కలుపుతూ ఉంది. తల ఎత్తకుండానే అంది. "ఇంక నువ్వు గుడివాడ పోవచ్చు."

ఈసారి మల్లెపూలు ఎవరూ తేలేదు. రొమ్ములో గడ్డ కట్టి చలిజ్వరం వచ్చింది. అవనిగడ్డలో కోసి చీము తీశారు. మా ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నర్సమ్మ ఆయన్ను లోపలికి పిలిచి, "బిడ్డకి ఇంక ఈ పక్క పట్టకండి" అంది. ఆయన "సరేనండి" అన్నారు. బిడ్డ లేదని చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

పిల్లాణ్ణి దేవునికి సమర్పించే ఆరాధన పెట్టుకున్నారు. పామర్రు నుంచి తోడికోడలి వాళ్ళు, ఊళ్ళోవాళ్ళు, వంటవాళ్ళు, షామియానా. నేను గుడివాడ నుంచి వెళ్ళాను. వెళ్ళకపోతే మాట వస్తుందని మా ఆయన అన్నారు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో కూర్చున్నాను. పిల్లాడు తెల్ల బట్టల్లో, తలకు టోపీతో, వాళ్ళ అమ్మమ్మ భుజం మీద నిద్రపోతున్నాడు.

ప్రార్థన అయ్యాక తోడికోడలు, దేవుడు తనకు చేసిన మేలును సాక్ష్యంగా చెప్పడానికి మైకు అందుకుంది.

"ప్రభువుకి స్తోత్రం. నేను చావు దాకా వెళ్ళొచ్చాను. నా బిడ్డకి పాలు లేవని డాక్టర్లు చెప్పేశారు. ఆశ వదులుకోమన్నారు. నేను మోకాళ్ళ మీద పడి ఏడ్చాను. ఎండిపోయిన నాకు ప్రభువు పాలిచ్చాడండీ. ఈ బిడ్డ ఒంట్లో ఉన్నదంతా ప్రభువు ఇచ్చిన పాలే."

"ఆమేన్" అన్నారు పాస్టరుగారు.

"ఆమేన్" అన్నారు అందరూ. ఆ షామియానా కింద సగం మందికి తెలుసు. పలకరింపుకు వచ్చి నా జాకెట్టు తడి చూసినవాళ్ళు ఉన్నారు. నా ఒళ్ళో వాడు తాగుతుంటే పక్కన కూర్చుని ఊరి కబుర్లు చెప్పినవాళ్ళు ఉన్నారు. ముందు వరసలో అత్తయ్య కళ్ళు మూసుకుని రెండు చేతులూ పైకెత్తి అంది. మగవాళ్ళ వైపు మా ఆయన గొంతు నాకు విడిగా వినిపించింది. పెళ్ళయ్యాక ఎంత గుంపులోనైనా ఆ గొంతు విడిగా వినిపిస్తుంది కదా. ఆయనా "ఆమేన్" అన్నారు.

నేను లేచి బయటికి వచ్చాను. వెనక బిర్యానీ డేగిశాల దగ్గర ఎవరో, "భోజనం చేసి వెళ్ళండి టీచరుగారూ" అన్నారు. రోడ్డు దాకా నడిచి, అవనిగడ్డకు ఆటో ఎక్కి, అక్కడి నుంచి బస్సుల్లో గుడివాడ చేరాను.

మా ఆయన రెండు రోజుల తర్వాత వచ్చారు. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టారు. "అట్టా మధ్యలో లేచి వచ్చేస్తే జనం ఏమనుకోవాలి?"

"మీరు ఆమేన్ అన్నారు."

"అందరూ అన్నారు."

"నేను మీ గురించే అడుగుతున్నా."

"చర్చిలో అనకుండా ఎట్టా ఉంటాం? పోనీ, నిజం చెప్పి ఏం చేద్దామని? తమ్ముడి సంసారం, వాళ్ళ పరువు. నీకు పోయిందేముంది?"

నాకు పోయిందేమిటో నేను చెప్పలేదు. అడిగిన మనిషికి చెప్పినా తెలిసేది కాదు. ఆ పూట అన్నం వండాను, ఇద్దరం తిన్నాం. అలాగే కలిసి ఉన్నాం, ఈనాటికీ. తర్వాత మాకు పిల్లలు కలగలేదు.

కాలేజీలో మళ్ళీ ఆ పాఠం వచ్చింది. మునుపటిలా చెప్పాను, ఒకటి ఎక్కువగా చెప్పాను. తిండి కరువైనప్పుడు తన పిల్లల్ని తానే తినే తల్లులు క్షీరదాల్లో ఉన్నాయని, ఎలుకల్లో, కుందేళ్ళలో, పందుల్లో. పాలిచ్చే ఒంటికే అదీ తెలుసని. ఆడపిల్లలు మొహాలు ముడుచుకున్నారు. "ఛీ, మేడమ్" అన్నారు. రాసుకోండి అన్నాను.

మొన్న జూన్‌లో తోడికోడలు గుడివాడ వచ్చింది. వెంట పిల్లాడు. పెద్దవాడయ్యాడు, తండ్రి పోలిక. ఇన్నేళ్ళలో వాణ్ణి పెళ్ళిళ్ళలో, ప్రార్థనల్లో దూరం నుంచి చూశాను. వాళ్ళ అమ్మ వాణ్ణి నా దగ్గరికి రానిచ్చేది కాదు. ఇప్పుడు భుజానికి బ్యాగుతో మా సోఫా చివర కూర్చుని ఫ్యాను వంక చూస్తున్నాడు. నేను టీ ఇచ్చాను. వాడికి బిస్కెట్లు ఇచ్చాను.

"ఇక్కడ మంచి స్కూల్లో ఆరో తరగతికి సీటొచ్చిందక్కా. హాస్టల్లో వీడు ఉండలేడు. తిండి సరిగా తినడు, ఏడుస్తాడు. మీ దగ్గరుంటే..." అంది.

మా ఆయన వెంటనే, "దానికేముంది, ఉంటాడు" అన్నారు.

"ఉండడు" అన్నాను.

తోడికోడలు కప్పు కింద పెట్టింది. కళ్ళనీళ్ళు తెచ్చుకుంది. నటన అనుకోను. "అక్కా, నీ పాలు తాగినోడే కదా."

ఆ మాట ఆమె నోటి నుంచి రావడానికి అన్నేళ్ళు పట్టింది. అవసరం పడ్డాక వచ్చింది. పిల్లాడు బిస్కెట్ నోటి దగ్గరే ఆపి తల్లిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. వాడికి ఎవరూ చెప్పలేదని అప్పుడు అర్థమైంది.

"నీకు ప్రభువు ఇచ్చాడు కదమ్మా పాలు. షామియానా వేసి మరీ చెప్పావు. తిండి కూడా ఆయన్నే పెట్టమను."

"పిల్లోడి ముందు..." అన్నారు మా ఆయన.

"పిల్లాడి ముందే."

వాడి మొహంలో ఏదైనా కనిపిస్తుందేమో అని వెతికాను. ఒకప్పుడు నన్ను చూసి తాగడం ఆపి నవ్విన మొహం అది. నాలో ఏదైనా కదులుతుందేమో అని ఎదురుచూశాను. ఏమీ కదలలేదు. నా ఇంట్లో ఎవరిదో పిల్లాడు కూర్చుని ఉన్నాడు, బిస్కెట్ పొడి సోఫా మీద రాలుస్తూ. తోడికోడలు లేచింది. వాణ్ణి చెయ్యి పట్టి లేపింది. గుమ్మం దాటాక వాడు, "ఆవిడ పాలు నేనెందుకు తాగానమ్మా?" అని అడగడం వినిపించింది. ఆమె, "నడువు" అంది.

వాణ్ణి హాస్టల్లోనే వేశారు. నేను కూరగాయలకు వెళ్ళే దారిలో ఉంది అది. ఆదివారం గేటు ముందు తల్లులు క్యారేజీలు విప్పి, గట్టు మీద కూర్చోబెట్టి పిల్లలకు తినిపిస్తుంటారు. ఒక ఆదివారం వాడి కోసం ఎవరూ రాలేదనుకుంటాను. గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి, ముందు సందేహించి, "పెద్దమ్మా" అన్నాడు.

వినపడనట్టు వెళ్ళలేదు. వినపడిందని వాడికి తెలిసేలా చూసి వెళ్ళాను. సంచిలో అరటిపళ్ళు ఉన్నాయి, అవి ఇంటికే తెచ్చాను. మా ఆయన ఒకటి వలుచుకుంటూ, "పిల్లోడు కనపడ్డాడా అటుపక్క?" అని అడిగారు.

"కనపడ్డాడు. బాగానే ఉన్నాడు" అన్నాను.

ఇప్పుడు కూరగాయలకు ఏలూరు రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తున్నాను. దూరమే. అయినా అటుపక్క కూరలు తాజాగా ఉంటున్నాయి.